కొన్ని వాద్యాల మీదే జోకులెందుకు? బ్యాంజో నుంచి తప్పెట దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లో సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు, వారి తల్లిదండ్రులు, పద్యనాటకాల అభిమానులు, ఇంట్లో శుభకార్యానికి మేళం మాట్లాడుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. బ్యాంజో అమెరికాలో పేరుపడిన వాద్యమే అయినా, దాని మీద జోకులు పుట్టిన తీరు తెలిస్తే మన ఊళ్ళలో హార్మోనియం, సన్నాయి, తప్పెట (డప్పు) వాయించేవారి మీద వినబడే వేళాకోళం కూడా అర్థమవుతుంది. అందుకే ముందుగా దాని సంగతి చెబుతున్నాము.

బ్యాంజో అంటే మనం బుల్‌బుల్ తార అని పిలిచే వాద్యమేనా?

కాదు. వరుసగా మీటలుండి, ఒక చేత్తో వాటిని నొక్కుతూ రెండో చేత్తో తీగలను మీటే వాద్యాన్ని మన దేశంలో చాలాచోట్ల బ్యాంజో అనే అంటారు. అది 1912లో జపానులో తయారైన తైషోగోతో అనే వాద్యం నుంచి వచ్చింది. జోకులకు పేరుపడిన బ్యాంజో వేరు. దానికి గుండ్రటి చట్రం, చట్రం మీద బిగించిన తోలు, పొడవాటి మెడ, నాలుగో ఐదో తీగలు ఉంటాయి. తప్పెటకు ఒక కర్ర తగిలించి తీగలు కట్టినట్టు ఉంటుందని చెబితే మన ప్రాంతం వారికి వెంటనే ఆకారం కళ్ళకు కడుతుంది.

ఏ వాద్యం మీద జోకులు పుడతాయి? దేని మీద పుట్టవు?

సాధారణంగా మూడు కారణాలు చెబుతారు. మొదటిది, శబ్దం నలుగురిలో కలిసిపోకుండా పైకి తేలడం, దానివల్ల చిన్న తప్పు కూడా అందరి చెవినీ పడడం. రెండోది, మాటిమాటికీ శృతి సరిచేసుకోవలసి రావడం. మూడోది, ఆ వాద్యం వాయించే మనిషికి సమాజంలోనో, కచేరీలోనో ఉన్న స్థానం తక్కువ కావడం. ఈ మూడింటిలో అసలు కారణం మూడోదేనని, మొదటి రెండూ దానికి సాకులుగా పనికొస్తాయని మా అభిప్రాయం.

దీనికి వీణే సాక్ష్యం. వీణ మెట్లను మైనం మీద నిలబెడతారు. రాయలసీమ ఎండలకు ఆ మైనం మెత్తబడితే మెట్లు కదులుతాయి, స్వరస్థానాలు తప్పుతాయి, తెలిసినవారిని పిలిపించి మెట్లను మళ్ళీ అమర్పించుకోవలసి (మేళం కట్టించుకోవలసి) వస్తుంది. ఇంత ఇబ్బంది పెట్టే వాద్యం మీద ఎవరూ జోకు వేయరు, ఎందుకంటే అది సరస్వతీదేవి చేతిలో ఉంది. తాళ్ళపాక అన్నమాచార్యుల విగ్రహాల్లో కనిపించే తంబురా మీదా జోకులు లేవు. కర్నూలు జిల్లాలో శివభక్తులైన గొరవయ్యలు పట్టే ఢమరుకం మీదా లేవు. శృతి కుదరకపోవడమే నవ్వుకు కారణమైతే వీణను కూడా నవ్వి ఉండేవారు.

బ్యాంజో మీద చిన్నచూపు ఎక్కడ మొదలయింది?

బ్యాంజో మూలాలు పశ్చిమ ఆఫ్రికాలో ఉన్నాయి. బానిసలుగా పట్టుకెళ్ళిన ఆఫ్రికన్లు 17వ శతాబ్దం నుంచి కరీబియన్ దీవుల్లోనూ, ఆ తరువాత ఉత్తర అమెరికాలోనూ, సొరబుర్రకు తోలు బిగించి, కర్ర దూర్చి, తీగలు కట్టి తమకు గుర్తున్న వాద్యాన్ని మళ్ళీ తయారుచేసుకున్నారు. సెనెగల్, గాంబియా ప్రాంతాల్లో జోలా జాతి వారు ఈనాటికీ వాయించే అకోంటింగ్ అనే వాద్యం దీనికి దగ్గరి చుట్టం.

1830ల నుంచి వర్జీనియాకు చెందిన జోయెల్ వాకర్ స్వీనీ వంటి తెల్లవారు ఈ వాద్యాన్ని రంగస్థలం మీదికి తెచ్చారు. 1843లో న్యూయార్కులో వర్జీనియా మిన్‌స్ట్రెల్స్ అనే బృందం మొదలుపెట్టిన ప్రదర్శనల పద్ధతి దేశమంతటా పాకింది. తెల్లవారు ముఖాలకు నల్లరంగు పూసుకుని, నల్లవారిని సోమరులుగా, తెలివితక్కువవారిగా అనుకరిస్తూ జనాన్ని నవ్వించేవారు, ఆ వేషానికి బ్యాంజో ఒక ముఖ్యమైన ఆభరణమయింది. ఏ మనుషులు తమ బాధను మరిచిపోవడానికి దాన్ని సృష్టించుకున్నారో, ఆ మనుషులనే వెక్కిరించడానికి అదే వాద్యాన్ని వాడుకోవడం ఈ చరిత్రలో అన్నిటికంటే కష్టం కలిగించే విషయం. బ్యాంజో జోకులు చెప్పుకునేవారిలో చాలామందికి ఈ సంగతి తెలియదు, తెలియాలి.

తరువాత కాలంలో వెక్కిరింత గురి మారింది. 20వ శతాబ్దం వచ్చేసరికి బ్యాంజో అంటే కొండప్రాంతపు పేద తెల్లవారి వాద్యమన్న ముద్ర పడింది. పల్లెటూరి సంగీత బృందాల్లో బ్యాంజో వాయించే వ్యక్తే విదూషకుడు కూడా. వదులు బట్టలు తొడుక్కుని, పాటకూ పాటకూ మధ్య నవ్వించడం అతని పని. ఆ పల్లె సంగీతంలో పేరుపొందిన గాయకుడు బిల్ మన్రో బృందంలో బ్యాంజో వాయించిన స్ట్రింగ్‌బీన్ అలాంటి హాస్యగాడే. 1945లో ఆయన స్థానంలో చేరిన ఎర్ల్ స్క్రగ్స్ నవ్వించలేదు, ముఖం కదిలించకుండా నిలబడి, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మూడింటితో అంతకుముందు ఎవరూ విననంత వేగంగా, స్పష్టంగా వాయించారు. బ్యాంజో చరిత్రను ఆయనకు ముందు, ఆయన తరువాత అని విడదీసి చెప్పుకోవడం అక్కడ పరిపాటి. అయినా జోకులు ఆగలేదు.

బ్యాంజోకు శృతి నిలవదన్న మాట నిజమేనా?

కొంతవరకు నిజం. తీగల బరువును మోసే గుర్రం (తీగల కింద ఉండే చిన్న చెక్కముక్క) బ్యాంజోలో చెక్క మీద కాక తోలు మీద నిలబడుతుంది, దాన్ని అతికించరు కూడా, తీగల ఒత్తిడే దాన్ని పట్టి ఉంచుతుంది. గాలిలో తేమ పెరిగితే తోలు సడలి గుర్రం దిగుతుంది, పొడిగాలికి తోలు బిగిసి గుర్రం లేస్తుంది, దానితోపాటే అన్ని తీగల శృతీ మారుతుంది. 1950ల చివరి నుంచి తోలు స్థానంలో ప్లాస్టిక్ పొర వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది. అయితే ఐదు తీగల బ్యాంజోలో ఒక పొట్టి తీగ ఉంటుంది. దాని బిరడా మెడ చివర కాక మెడ మధ్యలో ఉంటుంది, శృతి మార్చి పాడే ప్రతిసారీ దాన్ని వేరుగా సరిచేసుకోవాలి.

బ్యాంజో వాయించేవాడు సగం కాలం శృతి చేసుకుంటాడు, మిగిలిన సగం అపశృతిలో వాయిస్తాడు అన్న జోకు ఇక్కడినుంచే వచ్చిందని అనుకుంటారు. కానీ ఈ మాట బ్యాంజో జోకుల కంటే పాతది. 1713లో జర్మనీకి చెందిన యోహాన్ మాథెసన్ అనే సంగీత రచయిత, లూట్ అనే పాతకాలపు ఐరోపా తీగవాద్యం వాయించేవాడు 80 ఏళ్ళు బతికితే అందులో 60 ఏళ్ళు శృతి చేయడానికే గడుస్తాయని రాశారు. లూట్ మరుగున పడ్డాక జోకు కొత్త ఇల్లు వెతుక్కుంది.

అంటే ఒకే జోకును వాద్యం పేరు మార్చి చెబుతారా?

అవును, చాలావరకు అంతే. ఒకాయన బ్యాంజోను కారులో పెట్టి తలుపుకు తాళం వేయడం మరిచిపోయి వెళ్ళాడట, పరుగెత్తుకుంటూ తిరిగివచ్చి చూస్తే కారులో రెండు బ్యాంజోలు ఉన్నాయట. ఇదే కథను అకార్డియన్ పెట్టి చెబుతారు, వయోలా పెట్టీ చెబుతారు. జోకులో వాద్యపు శబ్దం గురించి ఒక్క మాట కూడా లేదని గమనించండి. ఎవరికీ అక్కరలేనిది అన్న ముద్ర ఉన్న ఏ వాద్యానికైనా అది సరిపోతుంది.

వయోలా మీద ఎందుకు? అది చూడడానికి వయొలిన్ లాగే ఉంటుంది కదా?

కచేరీలో దాని స్థానం వల్ల. వయోలా శృతి వయొలిన్ కంటే ఐదు స్వరాల మేర కింద ఉంటుంది. ఆ లెక్కన శరీరం కూడా ఒకటిన్నర రెట్లు ఉండాలి, అంటే 35.5 సెంటీమీటర్ల వయొలిన్‌కు బదులు 53 సెంటీమీటర్ల వాద్యం కావాలి. అంత పెద్దదాన్ని గడ్డం కింద పెట్టుకుని వాయించడం సాధ్యం కాదు గనుక 40 సెంటీమీటర్ల దగ్గర రాజీపడ్డారు. ఆ రాజీ వల్ల దాని గొంతు కొంచెం మూగగా, ముక్కుతో పలికినట్టు ఉంటుంది, నాకు మాత్రం ఆ గొంతులోనే అందం కనిపిస్తుంది. పాతకాలపు స్వరకర్తలు దానికి మధ్యస్వరాలు నింపే పని అప్పగించారు, వయొలిన్‌లో రాణించనివారిని అక్కడ కూర్చోబెట్టేవారు. సంగీత సమాజంలో వయోలాను లెక్కలోకి తీసుకోరని జర్మన్ సంగీతకారుడు క్వాంట్స్ 1752లోనే తన గ్రంథంలో బాధపడ్డారు. అదే వయోలాను మోజార్ట్ ఇష్టంగా వాయించారు, యువకుడైన బీథోవెన్ బాన్ నగరపు వాద్యబృందంలో వయోలా వాయించి జీతం తీసుకున్నారు.

మన నాటకాల్లో హార్మోనిస్టు మీద ఎందుకు వేళాకోళం చేస్తారు?

హార్మోనియం కథలో రెండు వైపుల నుంచీ దెబ్బలు ఉన్నాయి. 1842లో పారిస్‌లో అలెగ్జాండ్ర్ డెబేన్ దీనికి హక్కుపత్రం పొందారు. మన దేశానికి వచ్చాక నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ వాయించే రూపం వచ్చింది. మీటలు పలికించే స్వరాలు స్థిరంగా ఉంటాయి గనుక గమకం పలకదని, ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడం కుదరదని విద్వాంసులు దీన్ని తక్కువచేశారు. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది, 1970ల ఆరంభం దాకా ఆ నిషేధం కొనసాగింది. శాస్త్రపరంగా ఆ విమర్శలో నిజం ఉంది, కాదనలేము. కానీ ఊళ్ళలో మైకులు లేని రోజుల్లో, ఆరుబయట వేలమంది ముందు, రాత్రంతా పద్యం పాడే నటుడికి శృతి అందించగలిగిన వాద్యం మరొకటి లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం నుంచి నిన్న మొన్నటి జాతర నాటకాల దాకా రంగస్థలాన్ని నిలబెట్టిన వాద్యాల్లో ఇది ముఖ్యమైనది.

ఇక రెండో దెబ్బ నటుల నుంచి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, రాగం తీస్తూ శృతి తప్పిన నటుడు హార్మోనిస్టు వైపు కోపంగా చూస్తాడు, ప్రేక్షకులు హార్మోనిస్టును చూసి నవ్వుతారు. వేదిక పక్కన కూర్చుని గమనిస్తే జరిగేది వేరు. నటుడు పద్యం చివర ఊపిరి చాలక అర స్వరం కిందికి జారుతున్నాడని హార్మోనిస్టుకు ముందే తెలుస్తుంది, నటుడి మెడ నరం వైపు ఒక కన్ను వేసి ఉంచి, జారకముందే పై స్వరాన్ని గట్టిగా పట్టి, తిత్తి వేగం పెంచి, ఆ గొంతును పైకి లేపుతాడు. వన్స్ మోర్ కేకలు నటుడికి వస్తాయి. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందన్న సామెతలో లాగా, ఆ పక్కనే కూర్చున్న తబలిస్టు పరిస్థితి ఇంతకంటే మెరుగేమీ కాదు.

సన్నాయి ఊదేవారి ముందు పిల్లలు చింతకాయ తింటారంటారు. అది నిజమా?

నిజమే, పెళ్ళిళ్ళలో తరతరాలుగా జరుగుతున్న అల్లరి. సన్నాయి పీకలో రెండు పలుచని రేకులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, వాటి మధ్య సందు వెంట్రుక మందంలో తేడా వచ్చినా పలుకు మారుతుంది. ఎదురుగా ఎవరైనా పుల్లటి చింతకాయ కొరికితే ఊదేవారికి నోరూరుతుంది, ఆ తడికి రేకులు అతుక్కుంటాయి, స్వరం చీలుతుంది. అందుకే సన్నాయికి దారంతో అదనపు పీకలు వేలాడుతూ ఉంటాయి, ఒకటి పాడయితే మరొకటి తొడుక్కుని కొనసాగిస్తారు.

ఏడెనిమిదేళ్ళ పిల్లలు చేస్తే అది అల్లరి. అయితే ముహూర్తం వేళకు గంటల తరబడి ఊపిరి బిగబట్టి ఊదుతున్న మనిషి ముందు పెద్దవారు అదే పని చేసి నవ్వడం, మేళగాళ్ళు ఏమీ అనలేరన్న ధీమాతో చేసే పని. ఆ ధీమా వారి కులాన్ని చూసి వచ్చింది. గట్టిమేళం మోగకుండా తాళి కట్టరు, ఆ మోగించేవారిని మాత్రం చివరి పంక్తిలో కూర్చోబెడతారు.

తప్పెట మీద వచ్చే జోకులను కూడా మామూలు వాద్యాల జోకులుగా తీసుకోవచ్చా?

కూడదు. బ్యాంజో విషయంలో చెప్పిన చరిత్రకు మన దగ్గర సరిగ్గా సమానమైనది తప్పెటే. కొన్ని ఊళ్ళలో దీన్నే పలక అంటారు, బయటివారికి డప్పు అంటే తెలుస్తుంది. జాతరకు తప్పెట కావాలి, పీర్ల పండుగకు కావాలి, చావుకు కావాలి, ఒకప్పుడు ఊళ్ళో చాటింపుకూ కావాలి. వాయించే మాదిగలకు మాత్రం ఆ గుడిలోకి, ఆ ఇంట్లోకి ప్రవేశం ఉండేది కాదు. తప్పెట మీద చెప్పే చాలా జోకుల్లో వాద్యం పేరు పైకి కనబడుతుంది, లోపల ఉన్నది కులదూషణ. దాన్ని హాస్యమని సమర్థించే వీలు లేదు.

వాద్యంగా చూస్తే తప్పెట ఎంత సున్నితమైనదో దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. వాయించే ముందు గడ్డి మంట వేసి, తోలును మంటకు చూపిస్తూ చట్రాన్ని చేతిలో తిప్పుతారు. వేడెక్కుతున్నకొద్దీ మధ్యమధ్య వేలితో కొట్టి వింటారు. మొద్దుగా ఉన్న శబ్దం మెల్లగా పైకి లేచి, కంచు మోగినట్టు ఖంగున పలికే ఒక క్షణం వస్తుంది. అక్కడ ఆపాలి, ఇంకా కాస్త ఆగితే తోలు పగులుతుంది. ఒక చేతిలో లావు పుల్ల, రెండో చేతిలో సన్నటి పుల్ల పట్టి, చట్రాన్ని భుజానికి ఆనించి, నడుస్తూ, ఆడుతూ వాయిస్తారు. వానాకాలపు రాత్రి ఊరేగింపులో గంటకోసారి మంట దగ్గరికి వెళ్ళడాన్ని చూసి నవ్వేవారు, వీణ విద్వాంసుడు కచేరీ మధ్యలో శృతి సరిచేసుకుంటుంటే నిశ్శబ్దంగా కూర్చుంటారు. రెండు చోట్లా జరిగేది ఒకే పని.

మరి వాద్యకారులే తమ మీద తాము జోకులు వేసుకుంటారు కదా?

వేసుకుంటారు, వయోలా జోకుల్లో మంచివి చాలావరకు వయోలా వాయించేవారే చెబుతారు. స్టీవ్ మార్టిన్ అనే అమెరికన్ హాస్యనటుడు తన ప్రదర్శనల్లో బ్యాంజోను నవ్వించడానికి వాడుకున్నారు, మరోవైపు దాన్ని శ్రద్ధగా సాధన చేసి, 2010లో బ్యాంజో వాద్యకారులకు తన పేరిట ఒక పురస్కారాన్ని కూడా నెలకొల్పారు. తోటివారి మధ్య ఇలాంటి హాస్యం చనువుకు గుర్తు. బయటివారు ఆ మాటనే అన్నప్పుడు, అదీ డబ్బులిచ్చే యజమాని స్థానంలో కూర్చుని అన్నప్పుడు, వినేవారికి నవ్వడం తప్ప మరో దారి ఉండదు గనుక అది అదే మాట కాదు.

పెళ్ళి బ్యాండు వారి యూనిఫారం మీద వేసే జోకుల మాటేమిటి?

అవి వాద్యానికి సంబంధించినవి కావు. ఎండాకాలపు పెళ్ళిలో, మధ్యాహ్నపు ఊరేగింపులో మందపాటి కోటు తొడిగించేది పిలిచినవారే.

తక్కువచూపుకు గురైన వాద్యం తరువాత గౌరవం పొందిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి, మన తెలుగునాటే గొప్ప ఉదాహరణ ఉంది. మాండొలిన్‌లో మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది గనుక కర్ణాటక సంగీతానికి పనికిరాదన్నారు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, జంట తీగలను తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టి, విద్యుత్ మాండొలిన్ మీద స్వరాన్ని నిలిపి, గమకాలు పలికించారు. 2014లో కన్నుమూసేనాటికి ఆ వాద్యం పేరు ఆయన ఇంటిపేరు అయిపోయింది. బ్యాండు మేళాల్లో మోగే సాక్సఫోన్‌ను కద్రి గోపాల్‌నాథ్ కర్ణాటక కచేరీ వేదిక మీదికి తెచ్చి నిలబెట్టారు. బ్యాంజో విషయంలో ఈ తరంలో రియానన్ గిడెన్స్ వంటి నల్లజాతి కళాకారులు, ఆ వాద్యం తమ పూర్వీకులదని మళ్ళీ లోకానికి గుర్తుచేస్తున్నారు.

ఇందులో గమనించవలసినది ఏమిటంటే, మాండొలిన్‌కు, సాక్సఫోన్‌కు గౌరవం రావడానికి అవి శాస్త్రీయ కచేరీలోకి రావలసి వచ్చింది. తప్పెటకు ఆ షరతు పెట్టకూడదు. దాని శాస్త్రం దానికి ఉంది. ఒక్కొక్క సందర్భానికి ఒక్కొక్క దరువు ఉంది, ఆ దరువు దూరం నుంచి విని ఊళ్ళో ఏం జరుగుతోందో చెప్పగలిగే పెద్దలు ఇంకా ఉన్నారు.

మా అబ్బాయి తప్పెట నేర్చుకుంటానంటున్నాడు. తోటి పిల్లలు నవ్వుతారేమోనని భయంగా ఉంది. ఏం చేయాలి?

నేర్పించండి. నవ్వుతారన్న భయంతో కీబోర్డు కొనిచ్చి సరిపెట్టకండి. మొదట లయ చేతికి ఎక్కేదాకా సన్న పుల్లతో ఇంట్లోనే సాధన చేయించండి. నేర్పేవారిని వెతికేటప్పుడు మీ ఊరి జాతరలో వాయించే పెద్దవారినే అడగండి, సంగీతం మాస్టరుకు నెలకు ఎంత ఇస్తారో వారికీ అంతే ఇవ్వండి, గురువుగారు అనే పిలిపించండి. బడిలో ఎవరైనా కులం పేరు ఎత్తి వెక్కిరిస్తే దాన్ని పిల్లల సరదా అని వదిలేయకుండా ప్రధానోపాధ్యాయుల దృష్టికి తీసుకెళ్ళండి.

ఈ వాద్యాలను మొదటిసారి శ్రద్ధగా వినాలంటే ఏం చేయాలి?

బ్యాంజోకు ఎర్ల్ స్క్రగ్స్ వాయించినవి వినండి. స్వరం త్వరగా ఆరిపోతుంది గనుకే ఆయన అన్ని స్వరాలను అంత దగ్గరగా పేరుస్తారన్నది మనసులో ఉంచుకుంటే ఆ వేగం వెనుక అవసరం తెలుస్తుంది. వయోలాకు మోజార్ట్ రాసిన వయొలిన్, వయోలా జంట కచేరీ రచన ఉంది, అందులో రెండు వాద్యాలూ సమానంగా మాట్లాడుకుంటాయి. హార్మోనియానికి ఏదైనా జాతరలో పద్యనాటకం చూడండి, నటుడి ముఖం కాక హార్మోనిస్టు ఎడమచేయి కనిపించే వైపు కూర్చోండి. తప్పెటకు మాత్రం ప్రదర్శన మొదలయ్యే వేళకు వెళితే ఆలస్యమైనట్టే, మంట వేసేటప్పటికే అక్కడ ఉండాలి.